బంగళాకి మళ్ళీ దుమ్ము పట్టించిన కథ

తుమ్మలచెరువు వారింట్లో అందరికీ తెలివి ఎక్కువ. ఆ మాట వాళ్ళే చెప్పేవారు. ఇంకెవరూ చెప్పకపోవడానికి కారణం అసూయ అని కూడా వాళ్ళే చెప్పేవారు.

గొడుగు తడిస్తే పాడవుతుందని వానలో దాన్ని చొక్కాలో దాచుకుని వచ్చే మనిషి ఇంటాయన వీరరాఘవయ్య. గడియారం అలిసిపోతుందని మధ్యాహ్నంపూట దాన్ని ఆపి పడుకోబెట్టేవాడు ఆయన తమ్ముడు భద్రయ్య. వీళ్ళిద్దరి తెలివినీ గుర్తుపట్టి మెచ్చుకోగలిగినంత తెలివి ఇల్లాలు సాంబ్రాజ్యానిది.

ఓసారి ముగ్గురూ నల్లమల అడవిలో ఓ పాత బంగళా అద్దెకు తీసుకున్నారు. ఎప్పుడో తెల్లదొరలు కట్టించింది. రాతిగోడలు, పెంకుల కప్పు, కట్టెల పొయ్యి, పెరట్లో బావి. కరెంటు లేదు, కుళాయి లేదు. "ఇవన్నీ లేనందుకే అద్దెకిస్తున్నారు. ఉంటే వాళ్ళే ఉండేవాళ్ళుగా!" అన్నాడు వీరరాఘవయ్య. సాంబ్రాజ్యం మురిసిపోయింది.

కాపలావాడు గురవయ్య తాళం తీసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, పాతకాలపు బంగళా. మీరొచ్చినప్పుడు ఎట్లా ఉందో పోయేటప్పుడూ అట్లాగే ఉండాల. రేపు పొద్దున్నే రేంజరుగారు చూడ్డానికొస్తారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా నా కొలువు పోతాది. పిల్లలు గలోణ్ణి తల్లీ."

సాంబ్రాజ్యానికి గుండె కరిగిపోయింది. "నీ కొలువు నాకొదిలెయ్ గురవన్నా. నా తాళి మీద ఒట్టు!"

"మధ్యలో నా జోలెందుకే?" అని మెడ తడుముకున్నాడు వీరరాఘవయ్య.

గురవయ్య గూడేనికి వెళ్ళాడు. కొత్త ఇంట్లో అడుగుపెట్టిన ఆడది ముందు చీపురు అందుకుంటుంది. ఆ పని ఎవరూ నేర్పరు, మగాళ్ళు మరిచిపోనూ ఇవ్వరు. సాంబ్రాజ్యం బూజు దులిపింది, ఊడ్చింది, కడిగింది. పప్పు వండింది, చారు కాచింది. అందరూ తిన్నారు. వీరరాఘవయ్య వెల్లకిలా పడుకుని పైకి చూసి, కెవ్వుమన్నాడు.

"ఒసేయ్! వచ్చినప్పుడు ఇక్కడ బూజుండాలే!"

"దులిపానండీ."

"దుమ్ము?"

"ఊడ్చానండీ."

ఇంకేముంది, గురవయ్య పిల్లలు అడుక్కుతింటున్నట్టు సాంబ్రాజ్యం కళ్ళకు కట్టింది. పమిట బిగించింది. బండిబాట మీది మట్టి తట్టలకొద్దీ తెచ్చి, జల్లెడ పట్టి, గదిగదికీ చల్లింది. "మూలల్లో ఇంకొంచెం మందంగా ఉండేది వదినా," అన్నాడు భద్రయ్య. వాడిది మంచి జ్ఞాపకశక్తి. సరే, మూలల్లో మందంగా వేసింది.

తర్వాత బూజు. భద్రయ్య అడవిలోకి పోయి చెంబునిండా సాలెపురుగుల్ని పట్టుకొచ్చి గోడల మీద వదిలాడు. అవి ఎటువి అటు పారిపోయాయి. ఒకటి వీరరాఘవయ్య బనీనులో దూరింది.

"పని మొదలుపెట్టడం లేదు వదినా!"

"కొత్త చోటు కదయ్యా. కాస్త స్థిమితపడనీ."

"అన్నయ్య బనీనులో ఉన్నది మొదలెట్టినట్టుంది."

"అయితే మీరు కదలకండి," అంది సాంబ్రాజ్యం మొగుడితో. అంతే, ఆయన గూడు కోసం గోడవారన నిలబడిపోయాడు.

ఇక నీళ్ళు. బావిలోంచి తోడినవి మళ్ళీ బావిలోనే ఉండాలిగా? మిగిలిన బిందె తిరగబోశారు.

"మరి చారులో పోసిన నీళ్ళు?" అన్నాడు వీరరాఘవయ్య, గోడ దగ్గర్నించి కదలకుండానే.

"చారులోనే ఉన్నాయండీ, ఎక్కడికీ పోలేదు," అని చారు గిన్నెడూ బావిలో వంపింది.

చివరికి పొయ్యి. వచ్చినప్పుడు చల్లగా ఉంది, ఇప్పుడేమో కణకణలాడుతోంది. భద్రయ్య కుండెడు చన్నీళ్ళు కుమ్మరించాడు. టప్పుమని రాతిపొయ్యి రెండుగా చీలింది. సాంబ్రాజ్యం కంగారుపడలేదు. మిగిలిన ముద్దపప్పుతో చీలిక అతికించింది. ఆమె చేతి పప్పు ఆరితే రాయికంటే గట్టిదని వీరరాఘవయ్యకి పెళ్ళైన నాటినుంచీ తెలుసు.

తెల్లవారింది. రేంజరు జీపు దిగాడు. వెనకే గురవయ్య పరిగెత్తుకొచ్చాడు.

రేంజరు లోపలికి అడుగుపెట్టి, దగ్గుకుంటూ బయటికొచ్చాడు. వంటింటివైపు వెళ్ళి చూస్తే, చీమలు పొయ్యిని ముక్కముక్కలుగా మోసుకుపోతున్నాయి. ముఖం కడుక్కుందామని బావిలోంచి చేద తోడితే కరివేపాకు తేలింది.

"ఏమిటిది?"

"చారండీ," అంది సాంబ్రాజ్యం. "ఉప్పు సరిపోయిందో లేదో, నీళ్ళెక్కువయ్యాయి."

రేంజరు గురవయ్యవైపు తిరిగాడు. గురవయ్య చేతులు జోడించాడు.

"కన్ను మూయకుండా కాపలా కాస్తున్నా సారూ! వీళ్ళిట్లాంటోళ్ళని నాకు తెలవదు."

రేంజరు ముగ్గురినీ ఎగాదిగా చూశాడు. గోడవారన నిలబడిన వీరరాఘవయ్యని ఇంకాస్త ఎక్కువసేపు చూశాడు. రేంజరు కోపం చల్లారి జాలిగా మారింది.

"నీ తప్పేం లేదులే గురవయ్యా. ఇట్లాంటివాళ్ళొస్తే నువ్వు మాత్రం ఏం చేస్తావు? నీ ఉద్యోగానికేం భయం లేదు."

గురవయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, ఉండండి సార్!" అని అడ్డం పడింది సాంబ్రాజ్యం. "ఇంకా ఒక్కటి మిగిలిపోయింది. భద్రయ్యా, మంచం!"

భద్రయ్య నులకమంచం తెచ్చి వరండాలో వాల్చాడు. గురవయ్య నోరు తెరిచేలోపల అన్నదమ్ములిద్దరూ వాణ్ణి ఎత్తి దాని మీద పడుకోబెట్టారు. సాంబ్రాజ్యం దుప్పటి గుండెలదాకా కప్పింది.

"మేం వచ్చేసరికి ఇదిగో, అచ్చం ఇట్లాగే ఉన్నాడండీ. హారన్ ఎంత కొట్టినా లేవలేదు పాపం. మా మరిది చెంబెడు నీళ్ళు చల్లాక కదిలాడు."

"నోరు ఇంకొంచెం తెరుచుకునుండేది వదినా," అన్నాడు భద్రయ్య.

ఆమె వంగి, గురవయ్య గడ్డం పట్టుకుని కిందికి లాగి సరిచేసింది. రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూసుకుంది.

"గురక పెట్టు గురవన్నా," అంది ఆప్యాయంగా. "సార్ చూస్తున్నారు."