న్యాయాధికారి కుర్చీ మీద దావా

కొలనుపురం రాజుగారికి ఒకనాడు తిక్క పుట్టింది. ఊరి న్యాయాధికారిని తను వేస్తే పక్షపాతం అంటున్నారట. అయితే ఊరే ఎన్నుకోనీ అన్నారు. మూడేళ్లకోసారి, ఇంటికో చింతగింజ చొప్పున, నచ్చినవాడి కుండలో వెయ్యాలి.

మూడుసార్లూ మల్లపరాజే గెలిచాడు. తీర్పులు బాగా చెప్పి కాదండోయ్, అసలు తీర్పే చెప్పడు. ఏ దావా వచ్చినా వాయిదా వేస్తాడు. దావా నడుస్తున్నన్నాళ్లూ ఇటువాడికీ అటువాడికీ ఆయనంటే హడలే. గింజలు వేసేరోజున కుండల పక్కనే తిష్ట వేసి కూర్చుంటాడు కూడాను.

పాపం, గంగులమ్మ గేదె సంగతే చూడండి. పక్కింటివాడు అది నాదన్నాడు. తగవులో ఉన్న సొత్తు తీర్పు వచ్చేదాకా కచేరీ కొట్టంలో ఉండాలని మల్లపరాజు పెట్టిన నియమం. తొమ్మిదేళ్లుగా గేదె అక్కడే. పాలు ఆయనింటికి, గంజి గంగులమ్మ మనవలకి. పక్కింటివాడు పోయి నాలుగేళ్లయింది, అయినా వాయిదాలే.

ఆమె ఆస్థాన విదూషకుడు బయ్యన దగ్గరికొచ్చి, ఈ ఏడైనా నా గేదెను ఇంటికి తోలించు బాబూ అని ఏడ్చింది. బయ్యనకు కడుపు మండింది. నాలుగో ఎన్నికలో తనే నిలబడ్డాడు.

బయ్యన కుండలో ఒక్కటే గింజ పడింది, అదీ తనదే. గంగులమ్మ కూడా భయపడి మల్లపరాజుకే వేసింది.

"ఆ గింజ నాటుకోవయ్యా, నీ మనవలకి చింతకాయలు కాస్తాయి" అని మల్లపరాజు నిండుసభలో తన కుర్చీ ఎక్కాడు.

బయ్యన రాజుగారికి దండం పెట్టి, ఆ కుర్చీ నాదని దావా వేస్తున్నానన్నాడు. సభ గొల్లుమంది. ఊరికి న్యాయాధికారి ఒక్కడేగా, ఆయనే వినాలి అన్నారు రాజుగారు సరదాపడి.

మల్లపరాజు మీసం దువ్వాడు. తొమ్మిదేళ్ల అలవాటు ఊరుకుంటుందా, మాట దానంతటదే జారింది.

"వాయిదా."

బయ్యన భటులకేసి తిరిగాడు.

"విన్నారుగా. కుర్చీ తగవులో పడింది. కొట్టానికి మోయండి, గేదె పక్కన చోటుంది."

మల్లపరాజు మొహం పాలిపోయింది. తీర్పు ఇప్పుడే చెప్పేస్తానన్నాడు. ముందు వేసిన దావా ముందు వినాలన్నది కూడా తమరి నియమమే కదండీ అన్నాడు బయ్యన. తనది నాలుగువందల పదమూడోది. మొట్టమొదటిది గంగులమ్మది.

కుర్చీ కొట్టానికి పోయింది. మల్లపరాజు నేలమీద చతికిలబడి తీర్పులు మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ల గేదె వ్యవహారం రెండు మాటల్లో తేలిపోయింది.

గంగులమ్మ పలుపు పట్టుకుని గేదెను సభ ముందునుంచే తోలుకెళుతూ ఆగింది.

"అయ్యా, తమరి కుండలో నా చింతగింజ ఒకటుంది. ఇప్పించండి, బయ్యనబాబు కుండలో వేసుకుంటాను."

తీర్పు అందినవాడల్లా వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

రాజుగారు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. మెడలో ముత్యాలహారం తీసి బయ్యనకు వేసి, ఇక ఆ కుర్చీ నీదే, వెళ్లి కూర్చోమన్నారు.

"ఎలా కూర్చోను ప్రభూ? అది ఇంకా వాయిదాలో ఉంది."