మూడ్లగిరప్ప మల్బరీ తోట

ఎవరు ఏమడిగినా విరూపాక్షయ్యగారు ముందు మజ్జిగ తాగమనేవారు. సగం ప్రశ్నలు ఆ మజ్జిగతోనే చల్లారిపోయేవి. శిష్యుడు చెన్నబసవడి ప్రశ్న మాత్రం చల్లారలేదు. సొంత ఊళ్లో అనాథ పిల్లల కోసం ఆశ్రమం పెడతానని, అనుమతి ఇమ్మని అతను నెల రోజులుగా గురువుగారి ప్రాణం తోడేస్తున్నాడు. ఆ ఉదయం ఇక ఉండబట్టలేక, "నా మనసు నిండా దయ ఉంది స్వామీ! అది చాలదా?" అని అడిగేశాడు. విరూపాక్షయ్యగారు మూడ్లగిరప్ప అనే రైతు సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

మూడ్లగిరప్పది మడకశిర వైపు కొండ కింద పల్లె. ఇరవై ఏళ్లు మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచాడు. అవి కట్టిన పట్టుగూళ్లు సంతలో అమ్మేసి ఇంటికి రావడమే తప్ప తర్వాత వాటినేం చేస్తారో చూసి ఎరగడు. ఒకసారి పని మీద దారం తీసే చోటికి వెళ్లి, సలసల కాగే నీళ్లలో తన గూళ్లు, లోపలి పురుగులతో సహా, పొర్లడం కళ్లారా చూశాడు. మూడు రోజులు ముద్ద మింగుడుపడలేదు. నాలుగో రోజు పెళ్లాంతో, "కదిరమ్మా, ఇంగ చాలు. మన ఆకు తిన్న జీవం ఒక్కటన్నా బతకల్ల," అన్నాడు.

అది కరువు ఏడాది. కొండ మీద గడ్డి మాడిపోయి జింకలు చెట్ల బెరడు గీరుకుని తింటున్నాయి, పాపం. తోటంతా వాటికే వదిలేశాడు. వదిలేసి ఊరుకున్నాడా, పురుగులకు చేసినంత శ్రద్ధగానూ చేశాడు. జింక పిల్లలకు కూడా అందాలని మొక్కల్ని మోకాలెత్తుకు కత్తిరించాడు. ఆకు ఎక్కువ రావాలని సాళ్లు దగ్గర దగ్గరగా వేశాడు. మేకలు పడకుండా చుట్టూ నిలువెత్తు ముళ్లకంచె బిగించి, కొండ వైపు బండి పట్టేంత దారి ఒక్కటే ఉంచాడు. పట్టు రైతులెవరైనా తోటను అలాగే కాపాడుకుంటారు.

మొదటి వారం రెండొచ్చాయి. నెల తిరిగేసరికి పదకొండు. మొగుడూ పెళ్లాం గోడ చాటున ఊపిరి బిగబట్టి చూసుకునేవారు. ఒక పిల్లకు కదిరమ్మ పేరు కూడా పెట్టింది.

ఒక తెల్లవారుజామున ఆ ఒక్క దారిలోంచే ఊరకుక్కల గుంపు లోపలికొచ్చింది. జింకలు పరుగు తీశాయి. ఎటు పోయినా కంచె. వెనక్కి తిరిగితే కాళ్లకు అడ్డంపడే సాళ్లు. మూడ్లగిరప్ప కట్టె పట్టుకుని చేరేసరికి ఏడు జింకలు ముళ్లలో చిక్కుకుని చచ్చిపడి ఉన్నాయి. నోళ్లలో ఆకు ఇంకా నలగలేదు. కదిరమ్మ పేరు పెట్టిన పిల్ల కూడా వాటిలోనే ఉంది.

ఆ పూటే చేతులు చీరుకుపోతున్నా లెక్కచేయక కంచె అంతా పీకి పారేశాడు. తర్వాత ఒక్క జింకా దిగి రాలేదు. ఆ వానాకాలం మల్బరీ ఎన్నడూ లేనంత గుబురుగా పెరిగింది. తినే నోరు లేక ఆకు పండి రాలిపోయింది. అతను ఆ తోట వైపు వెళ్లడమే మానుకున్నాడు.

చెన్నబసవడు, "అంత ప్రేమగా చేశాడే! ఆయన తప్పేముంది స్వామీ?" అన్నాడు.

"ప్రేమకేం లోటు లేదు నాయనా," అన్నారు విరూపాక్షయ్యగారు. "పట్టుపురుగు పరుగెత్తడం అతనెప్పుడూ చూడలేదు."