మైలుతుత్తం సీసా

పాఠం మధ్యలో సుద్దముక్క బల్ల మీద పెట్టేసి సూర్యకళ క్లాసులోంచి బయటికి నడిచింది. పదేళ్ల సర్వీసులో ఆమె అలా చేయడం అదే మొదటిసారి.

పార్వతీపురంలో ఇంటర్ పిల్లలకి ఆమె కెమిస్ట్రీ చెబుతుంది. ఆ రోజు పాఠం పరమాణు నిర్మాణం. ఏటా ఇష్టపడి చెప్పే పాఠమే.

"పరమాణువు మన గ్రౌండంత ఉందనుకోండి. నడిమధ్యన కేంద్రకం ఆవగింజంత. బరువంతా ఆ గింజలోనే. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలోనే ఎలక్ట్రాన్లు" అని చెప్పింది.

రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"మేడమ్, నేను ఈ బల్ల మీద చెయ్యి పెడితే, నా చేతిలో ఎలక్ట్రాన్లు బల్లలో ఎలక్ట్రాన్లని నెడతాయి కదా. అంటే నా చెయ్యి బల్లని తాకనట్టేనా?"

మంచి ప్రశ్న. సూర్యకళ మెచ్చుకుంది కూడా.

"తాకనట్టే. లోకంలో ఏదీ దేన్నీ నిజంగా తాకదు" అంది.

అన్నాక ఆ మాట తన చెవినే పడింది.

నాలుగు నెలల కిందట ఆమెకి నెలలు నిండకుండానే పాప పుట్టింది. కిలో కూడా తూగలేదు. విశాఖపట్నం ఆసుపత్రిలో పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉంది. ఎత్తుకోవడానికి వీల్లేదు. రోజుకి రెండుసార్లు, మోచేతుల దాకా కడుక్కుని వస్తే, పెట్టెకున్న గుండ్రటి కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి పెట్టనిచ్చేవారు. పాప వీపు ఆమె అరచేతిలో సగం లేదు. ఆ వీపు మీద చెయ్యి వేసి, నర్సు వచ్చి "ఇంక చాలమ్మా" అనేదాకా కూర్చునేది.

పన్నెండో రోజు తెల్లవారేసరికి పాప లేదు.

పేరు పెట్టలేదు. ఫోటో తీయలేదు. ఆ చెయ్యి వేసి కూర్చున్న కాసేపే ఆమెకి మిగిలింది. ఇప్పుడు అరవైమంది ముందు, తన నోటితో తనే, అది కూడా లేదని చెప్పేసింది.

మర్నాటి నుంచి సెలవు పెట్టింది. ఇంట్లో వంట చేసేది, బట్టలు మడతపెట్టేది. ఏడవలేదు. "ఇంకా చిన్నదానివే, మళ్లీ కడుపు పండుతుంది" అని వచ్చినవాళ్లు అంటే తల ఊపేది. రెండో వారం ఉద్యోగానికి రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకుంది. అది ఇచ్చేముందు ఒక్క మనిషికి చెప్పాలనిపించి సాలూరు బస్సెక్కింది.

ఆ మనిషి జీవరత్నం మాస్టారు. ఇంటర్లో ఆమెకి కెమిస్ట్రీ చెప్పింది ఆయనే. రిటైరయ్యాక, కొండ మీద ఊళ్ల నుంచి దిగొచ్చి చదువుకునే పిల్లల కోసం చర్చి వెనక రేకుల గదిలో చిన్న ల్యాబు పెట్టుకున్నాడు. మాట తక్కువ. ఎవరేం అడిగినా ముందు చేతిలో టెస్ట్‌ట్యూబు పెడతాడని పేరు.

మార్గశిర మాసం. ఎనిమిదైనా మంచు విడవలేదు. మాస్టారు మఫ్లర్ చుట్టుకుని బీరువాలో సీసాలు తీసి తుడుస్తున్నాడు.

"ఏటమ్మా, ఇంత చలిలో?"

సూర్యకళ స్టూలు మీద కూర్చుని అంతా చెప్పింది. పాప సంగతి, ఆ అమ్మాయి ప్రశ్న, తన జవాబు, బ్యాగులో కాయితం.

"ఈ పాఠం నాకు మీరే చెప్పారు మాస్టారూ. నన్ను ఓదార్చకండి. ఉన్నదున్నట్టు చెప్పండి. నా బిడ్డని నేను తాకానా, లేదా?"

ఆయన కళ్లజోడు తీసి మఫ్లర్ అంచుతో తుడుచుకున్నాడు.

"ఓదార్చడం నాకు చేతకాదమ్మా" అన్నాడు. తర్వాత ముందున్న సీసాల్లోంచి ఒకటి ఆమె వైపు జరిపాడు. "ఈ మూత పట్టేసింది. నా వేళ్లలో బలం లేదు. కాస్త చూడు."

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, ద్రావణం ఉన్న సీసా అది. గాజు మూత. మెడ చుట్టూ నీలం పలుకులు పేరుకుని గట్టిపడ్డాయి. సూర్యకళకి కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనుకుంది. అయినా ఆయన చెప్తే కాదనడం ఆమెకి ఏనాడూ అలవాటు లేదు. తడిగుడ్డతో పలుకులు తుడిచి, మూత తిప్పి చూసింది. కదల్లేదు.

"దీపం వెలిగించి మెడ కాచనా?"

"వద్దు, పగులుతుంది. అరచేతులతో పట్టుకో. మెడ మటుకే. మూత ముట్టుకోకు."

పట్టుకుంది. గాజు మంచుగడ్డలా ఉంది. చలి వేళ్లలోంచి మణికట్టు దాకా పాకింది.

"ఎంతసేపు?"

"వచ్చేదాకా."

ఆయన మళ్లీ సీసాలు తుడుచుకోవడంలో పడ్డాడు. బయట ఎవరో ముంగిలి ఊడుస్తున్నారు. సూర్యకళ కదలకుండా కూర్చుంది. కాసేపటికి వేళ్ల నొప్పి తగ్గింది. ఇంకాసేపటికి గాజు చల్లదనం తెలియడం మానేసింది. చేతుల్లో సీసా ఉందన్న ధ్యాస కూడా పోయింది. రెక్కలు పీకుతున్నా ఆమె పట్టు వదల్లేదు.

మాస్టారు వచ్చి చెక్క పటకారుతో మూత మీద మెల్లగా రెండుసార్లు తట్టాడు. 'టిక్' మంది. ఆయన వేళ్లతోనే తిప్పితే తిరిగింది.

"ఎందుకొచ్చింది?" అన్నాడు. ఇరవై ఏళ్ల కిందట ల్యాబులో అడిగినట్టే అడిగాడు.

"మెడ వేడెక్కి సాగింది. మూత చల్లగానే ఉండిపోయింది. అందుకని వదులైంది."

"వేడి ఎక్కడిది?"

"నా చేతులది."

"తాకలేదన్నావుగా."

సూర్యకళ సీసా మెడ చుట్టూ ఉన్న తన చేతులు చూసుకుంది.

మాస్టారు మూత తీసి పక్కన పెట్టాడు.

"మధ్యలో ఖాళీ ఉందని చెప్పింది నేనే. దాన్ని దాటి ఏదీ పోదని ఎప్పుడు చెప్పానమ్మా?"

ఆమె సీసా కింద పెట్టలేదు. రెండు చేతులూ దాని చుట్టూ అలాగే ఉన్నాయి. భుజాలు మొదట కదిలాయి. తర్వాత గొంతులోంచి నాలుగు నెలలుగా రాని ఏడుపు వచ్చింది. మాస్టారు ఆమె వైపు చూడలేదు. బయటికి నడిచి, తలుపు దగ్గరగా వేసి, అప్పుడే వస్తున్న ఎండలో నిలబడ్డాడు.

చాలాసేపటికి సూర్యకళ మొహం కడుక్కుని బయటికొచ్చింది.

"మాస్టారూ, సోమవారం నాకు మొదటి పీరియడ్ ఉంది" అంది.

ఆయన తల పంకించాడు.

"చలిగాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చోకు" అన్నాడు.