సన్యాసమ్మ ఉప్మా

కెజియా నర్సింగులో చేరి ఏడాదైనా కాలేదు గానీ, ఒంట్లో ఉన్న ఎముకలన్నిటినీ పేర్లు పెట్టి పిలవగలదు. ఆమె బాధల్లా సోషియాలజీతోనే.

"కుటుంబం, కులం, కట్టుబాట్లు... సూది వెయ్యడానికి ఇవన్నీ ఎందుకు మేడమ్?" అని క్లాసులోనే అడిగేసింది. వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి. విశ్రాంతమ్మ మేడమ్ కూడా నవ్వి, బోర్డు తుడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళ వార్డులో, మేడమ్ పక్కన నిలబడి చూస్తుండగా, సన్యాసమ్మ అనే షుగరు పేషెంటుకి కెజియా ఇన్సులిన్ వేసింది. ఉప్మా ప్లేటొచ్చింది. "తినెయ్యమ్మా" అని చెప్పి, కాస్త ఠీవిగానే పక్క మంచాల వైపు నడిచింది.

తిరిగొచ్చేసరికి సన్యాసమ్మ చెమటతో తడిసిపోయి ఉంది. చెయ్యి చల్లగా తగిలింది. పిలిస్తే మాట ముద్దముద్దగా వచ్చింది.

పేరుపేరునా తెలిసిన కాళ్ళ ఎముకల్లో ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు కెజియాకి. చంపేశానా? "మేడమ్" అని పిలిస్తే ఆ పిలుపు తనకే వినబడలేదు. రెండోసారి గట్టిగా అరిచింది.

విశ్రాంతమ్మ వచ్చి, చక్కెర నీళ్ళు కలిపి గుక్కగుక్కగా తాగించింది. కాసేపటికి సన్యాసమ్మ తేరుకుంది.

"డోసు ఎక్కువేశానా మేడమ్?"

"లేదు. నేను చూశాగా. సరిగ్గానే వేశావు."

ఆ మాటకి కెజియా ఇంకా భయపడింది. తప్పు కనబడితే దిద్దుకోవచ్చు. కనబడని తప్పుని ఏం చేసుకోను?

ప్లేటు మీద పెట్టిన మూత పెట్టినట్టే ఉంది. తీసి చూస్తే ఉప్మా ముట్టుకోలేదు.

"ఇప్పుడైనా తినమ్మా, సూది వేశాక తినకపోతే మళ్ళీ షుగరు పడిపోతుంది." కెజియా ముద్ద నోటిదాకా తెచ్చింది. సన్యాసమ్మ మొహం తిప్పుకుంది.

"ఆయన తిన్నాక తింటాన్లే తల్లీ. పెళ్ళైన కాడి నుంచీ అంతే."

ఆయన బయట వరండా మెట్ల మీద కూర్చున్నాడు. వార్డులోకి మగవాళ్ళని రానివ్వరు. ఆసుపత్రి టిఫిను పేషెంట్లకే.

కెజియా మేడమ్ వైపు చూసింది. మేడమ్ తన టిఫిన్ డబ్బా తీసుకుని బయటికెళ్ళి ఆ పెద్దాయన చేతిలో పెట్టింది. వార్డు తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి పట్టుకుని నిలబడింది.

ఆయన బిడియంగా ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. మంచం మీంచి అదే చూస్తున్న సన్యాసమ్మ, ప్లేటు దగ్గరికి లాక్కుంది.

సాయంత్రం ఇన్సులిన్ వేళకి కెజియా సూదుల ట్రే జోలికి పోకుండా ముందు మెట్ల దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, భోంచేశారా?"