చేట చప్పుడుకు రాని గుర్రం

అనగనగనగా, మన ఊరూ కాదు, మీ నాన్నావాళ్ళ ఊరూ కాదు, రాతిగుట్టల మధ్య గుర్రాల కాపర్ల ఊళ్ళో ఈరి అని ఒక పిల్ల ఉండేది. నీలాగే నోరెక్కువ, నిద్ర తక్కువ.

ఒకనాడు ఈరివాళ్ళ ఎర్రగుర్రం ఈనింది. పిల్లకి ఒళ్ళంతా తెల్లచుక్కలు, జొన్నపేలాలు చల్లినట్టు. "అయ్యో, దీనికి కడుపులోనే అమ్మవారు పోసిందే!" అని ఊరంతా ఒకటే నవ్వు.

"మీ మొహాలకంటే బాగానే ఉందిలే" అని ఈరి దాన్ని దగ్గరకి తీసుకుంది.

ఆ తర్వాత ఆ చుక్కలదానికి చుక్కలపిల్ల పుట్టింది. దానికి ఇంకోటి. ఈరికి తల నెరిసి ఈరమ్మ అయ్యేసరికి ముప్పై చుక్కల గుర్రాలు! రోజూ చేటలో ఉలవలు పోసి జల్లుజల్లుమని ఆడించి పేరుపేరునా పిలిచేది. ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేవి, ఒక్క చిన్నది తప్ప. అది మిగతావాటిని చూసి, తీరిగ్గా చివర్న వచ్చేది.

"చెవుల్లో మైనం పోసుకున్నావుటే మొద్దూ?" అని ఈరమ్మ దానికి గుప్పెడు ఉలవలు తగ్గించేది.

అప్పుడు రాజుగారి గుర్రాలశాల పెద్ద ఆ ఊరొచ్చాడు. మూడుసార్లు వచ్చాడు.

మొదటిసారి చుట్టంలా వచ్చి, మజ్జిగ తాగి, "మందని చూపిస్తావా అమ్మా?" అన్నాడు. గుమ్మంలోకొచ్చినవాడు అడిగితే మందని దాచకూడదని ఆ ఊరి ఆచారం. దాస్తే దిష్టి కొడుతుందట. చూపిస్తే కొట్టదట! ఏం తెలివో చూడు. ఈరమ్మ మురిసిపోయి చేట ఆడించింది. ఆయన గుర్రాల్నీ చూశాడు, చేటనీ చూశాడు.

రెండోసారి పల్లకీలో వచ్చాడు. "అన్నీ రాజుగారికి కావాలి" అన్నాడు.

"ఒకటి తీసుకెళ్ళండయ్యా. అన్నీ దేనికి?"

"నీ దొడ్లో కూడా ఉంటే రాజుగారి గొప్పేముంది ఈరమ్మా?"

ఈరమ్మ ఇవ్వనంది.

మూడోసారి సైన్యంతో వచ్చాడు. దుమ్ము దూరంగా ఉండగానే ఈరమ్మ ఆచారాన్ని పక్కనపెట్టి మందని ముళ్ళడవిలోకి తోలేసింది. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఏది ఎండో, ఏది గుర్రమో తెలిస్తేగా! మూడు రోజులు వెతికారు. ముళ్ళు దొరికాయి, గుర్రాలు దొరకలేదు.

అప్పుడా పెద్ద నెమ్మదిగా ఈరమ్మ ఇంటిగోడకున్న చేట తీశాడు. ఉలవలు పోశాడు. అడవి అంచున నిలబడి ఆడించాడు. జల్లు, జల్లు, జల్లు.

అడవి కదిలింది.

"రావద్దే! తల్లుల్లారా, రావద్దే!" అని ఈరమ్మ గొంతు చించుకుంది. వాటికి మాటలేం తెలుసు? తెలిసింది ఆ గొంతొక్కటే. అది విని ఇంకా వేగంగా వచ్చేశాయి.

రాజుగారు నెల్లాళ్ళు మురిసిపోయాడు. ఆ తర్వాత మోజు నల్లగుర్రాల మీదికి మళ్ళింది. చుక్కలవాటిని కోటగోడకి రాళ్ళు లాగే బళ్ళకి కట్టించాడు. మళ్ళీ వచ్చాయా అని అడక్కు. రాలేదు.

మంద పోయిన ఆ రోజే ఈరమ్మ ముళ్ళడవిలోకి వెళ్ళింది. ఒక పొదకింద చిన్నది పడుకుని హాయిగా నిద్రపోతోంది.

"ఇంకా నిద్రేమిటే మొద్దూ!" అంది అలవాటుకొద్దీ. చెవి కదల్లేదు. వెనకనుంచి చప్పట్లు కొట్టింది. అయినా కదల్లేదు.

అప్పుడు తెలిసింది, దానికి పుట్టుచెముడని. తగ్గించిన గుప్పెళ్ళన్నీ గుర్తొచ్చి ఈరమ్మ అక్కడే కూలబడింది. వాసన తగిలి అది లేచి, ఆమె దోసిట్లో మూతి పెట్టి వెతుక్కుంది. ఉలవలేవి?

ఆ తర్వాత దానికి పిల్లలు పుట్టాయి, చుక్కలతోనే. వాటి చెవులు బాగానే ఉన్నాయి. కానీ ముప్పై పేర్లు పిలిచిన ఆ నోరు వాటికి ఒక్క పేరూ పెట్టలేదు, ఒక్కదాన్నీ పిలవలేదు. దగ్గరికెళ్ళి చేత్తో తినిపించి, మాట్లాడకుండా వచ్చేసేది.

అందుకే ఆ గుట్టల్లో చుక్కల గుర్రాలు ఈనాటికీ ఎవరు పిలిచినా రావు. జనం పొగరంటారు. పొగరు కాదే పిచ్చిదానా.

కథేమో కంచికి,
చేటేమో అటక్కి,
చుక్కల గుర్రం గుట్టకి,
నువ్వేమో పక్కకి.