నేలవేముకు కోపం వచ్చిన రోజు

ఒకప్పుడు నేలవేము మొక్కలన్నిటిదీ ఒకటే చేదు. బండ మీదిదైనా, వాగు ఒడ్డుదైనా, ఏ ఆకు నమిలినా నాలుక ఒకేలా ముడుచుకునేది. జ్వరమొస్తే కళ్లు మూసుకుని తుంచుకోవచ్చు.

ఆ కొండ మనుషులకు ఒక పద్ధతి ఉండేది. గుంపులో అన్నిటికంటే పెద్దది తల్లిమొక్క. దాన్ని ఎవరూ ముట్టుకోరు. మిగతావాటికీ కొనలే తుంచాలి, వేరు కదపకూడదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో బయమ్మ కూతురికి జ్వరం పట్టుకుంది. పిల్ల ఒళ్లు పెనంలా కాలుతుంటే తండ్రి ఈదన్నకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మందు ఎంత ఎక్కువైతే అంత తొందరగా తగ్గుతుందనుకుని గుంపు గుంపంతా వేళ్లతో పెరికేశాడు. తల్లిమొక్కను కూడా.

తల్లిమొక్కకు ఎంత కోపం వచ్చిందంటే, దాని ఎండుకాయలన్నీ టప్‌టప్‌మని పేలాయి. "పోండి. ఇకమీద ఒక్కచోట ఉండొద్దు, ఒక్కలా ఉండొద్దు," అని విత్తనాల మీద అరిచింది. ఈదన్న మోపులోని మొక్కలు కూడా మూతి బిగించుకుని, ఉన్న చేదంతా దాచేసుకున్నాయి.

కషాయం కాస్తే వాగునీళ్లలా చప్పగా ఉంది. పిల్ల కళ్లు తెరవలేదు. సంగతి తెలిసి బయమ్మ మొగుడి కేసి చూసింది. "మా అమ్మ పెంచిన కోడి కూడా తల్లిమొక్కను పొడవదు," అంది.

సాయంత్రం వాన కురిసింది. కోపం మీదున్న విత్తనాలు కదా, పొద్దున్నకల్లా మోకాలెత్తు లేచాయి. బయమ్మ కొండెక్కింది. వాగు ఒడ్డున ఒక ఆకు నమిలింది. నీళ్లు ఒళ్లు నిమిరీ నిమిరీ దాని కోపం అప్పటికే చల్లారింది. వెన్నెల నమిలినట్టు మెత్తగా ఉంది, చేదే లేదు. చెట్టు నీడలోది కాస్త నయం, అయినా ఆ చేదు జ్వరానికి చాలదు. పైన, పిడికెడు మట్టైనా లేని నల్లబండ చీలికలో ఒక మొక్క ఎండకు మాడుతూ బుసలు కొడుతోంది.

"నా జోలికి రాకు," అందది. "మీ ఆయన మా అమ్మను వేళ్లతో పీకాడు."

బయమ్మకూ మండింది. "పీకినోణ్ణి తెచ్చి నీ ముందు నిలబెడతా, కడుపునిండా తిట్టుకో. నా పిల్ల నీ ఆకైనా కోయలేదు. దాని మీదేంటే నీ కోపం?"

మొక్క ఒక కొమ్మను ఆమె వైపు వంచింది. "కొనలు తుంచుకో. కోపం మాత్రం పోదు. ఇంకోసారి కావాలంటే మళ్లీ వెతుక్కోవాలి," అంది.

ఒక ఆకు నమిలితే ఆ చేదు బయమ్మ చెవులదాకా పాకింది. పొద్దుగూకేసరికి పిల్ల లేచి, కషాయం పోసిన తండ్రిని నోటికొచ్చినట్టు తిట్టింది. వింటూ ఈదన్న ఏడ్చాడు. మర్నాడు బండ దగ్గరికెళ్లి మొక్క తిట్లూ తిన్నాడు.

అప్పటినుంచే ఒక వాలు నేలవేము ఇంకో వాలుదానిలా ఉండదు. పక్కపక్కన మొలిచినా ఒకదాని చేదు ఇంకోదానికి రాదు. అందుకే కోసేముందు ఇప్పటికీ ఒక ఆకు నమిలి చూస్తారు. ఎంత కోపంగా ఉందో తెలియాలి కదా.