బూడిదరంగు చెంప

కొట్టు పెట్టిన రోజున రంగులు నూరే యువకుడి దగ్గర పద్దెనిమిది వెండి నాణేలున్నాయి. నూరడానికి కొన్న రంగురాళ్లకు పది పోయాయి, అద్దెకు ఏడు. మిగిలిన ఒక్కదానితో వీధి తలుపుకు నిప్పులాంటి ఎరుపు వేశాడు, దూరం నుంచే జనం చూడాలని.

జనం సంగతేమో గాని, గొడుగులు కుట్టే అమ్మాయి చూసింది. గుడ్డకు అద్దడానికంటూ రోజూ చిటికెడు నీలం కొనేది, గంటసేపు కబుర్లు చెప్పేది. అతను మనసులో మాట చెప్పాలనుకున్నాడు. లాభం ఇంకాస్త కూడనీ అని ఆగాడు.

ఈలోగా ఎదురు మేడమీద ఒక చిత్రకారుడు దిగాడు. చెట్లకు ఊదా, ఆకాశానికి నారింజ పూసే మనిషి. ఆ అమ్మాయి బొమ్మ వేస్తానన్నాడు. ఆమె కొట్టుకు రావడం మాని, ఆ మేడ కిటికీలో కూర్చోసాగింది.

"బొమ్మ ఎందాకా వచ్చింది?" అని దారిలో ఆపి అడిగాడు రంగులవాడు.

"చెంప మిగిలింది. దానికి ఆకుపచ్చ కావాలట."

"నీ చెంప ఆకుపచ్చా? ఆయనకు కళ్లు కనపడవా?"

"నీకు బాగా కనపడతాయి కాబోలు," అని నవ్వి వెళ్లిపోయింది.

అతని ఒళ్లు మండింది. లెక్క వేశాడు. ఆకుపచ్చ లేకపోతే చెంప లేదు, చెంప లేకపోతే బొమ్మ లేదు, బొమ్మ లేకపోతే ఆమె మళ్లీ కొట్టుకు వస్తుంది. ఊళ్లో రంగులమ్మేది తనొక్కడే. ఆకుపచ్చ జాడీని బల్లకింద దాచి, చిత్రకారుడి చేతిలో బూడిదరంగు పెట్టాడు. "ఇదే ఉందయ్యా."

కొన్నాళ్లకు బొమ్మ పూర్తయింది, చూడ్డానికి రమ్మని కబురొచ్చింది. వెళ్లాడు. చెంప ఆకుపచ్చగా, చిగురులా మెరుస్తోంది.

"ఆ రంగు ఎవరిచ్చారు?" అన్నాడు రంగులవాడు.

"నువ్వే," అన్నాడు చిత్రకారుడు. "నీ బూడిదరంగే అది. చెంప పక్కనున్న ఎరుపు మూసి చూడు. ఆరిందిలే, అంటుకోదు."

రెండు అరచేతులతో మూశాడు. చెంప ప్రాణం పోయినట్టు బూడిదైపోయింది. వేళ్ల సందుల్లోంచి ఎరుపు కనపడుతోంది, ఒక గొళ్లెం కూడా. అది తన కొట్టు తలుపు.

"ఆయన దీపం దగ్గర కూర్చోమన్నాడు," అంది వెనకనుంచి ఆ అమ్మాయి. "కిటికీ నేనే అడిగాను. దీపం దగ్గరనుంచి ఏమీ కనపడదు."

రంగులవాడు తల తిప్పి ఆమెను చూశాడు, చేతులు బొమ్మమీదే ఉన్నాయి.

"చేతులు తియ్యి మరి. కొట్టు మూసేశావు."

బూడిద చెంప ఎప్పుడు పచ్చబడుతుందా అని చూస్తూ అతను ముందుగా చిటికెనవేలు ఎత్తబోయాడు.